గోడెక్కిన భుజం

స్కానింగు సెంటర్ రెండో అంతస్తులో చివరి గది డాక్టరు గారికి తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉండేది. అది తలుపు మీద బోర్డుకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. అందరూ ఆయన్ని నిటారు మాస్టారు అనేవారు. మనిషి నిటారుగా ఉంటారని కాదు. ఆయన గదిలోకి వస్తుంటే ముందు బొజ్జ, దాని వెనక నవ్వు, ఆ రెండిటి వెనక తాపీగా ఆయన వచ్చేవారు. ఆ పేరు నోటి చలవ. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్ర డాక్టరు చెవిలోనూ ఇల్లు కట్టుకుని ఆయన పోరేది ఒక్కటే మాట: ప్రోబ్ నిటారుగా పట్టు.

ఆయన పని భుజాలు చూడటం. భుజంలో కండరాన్ని ఎముకకి కట్టిపడేసే తాడు లాంటిదొకటి ఉంటుంది. దాన్ని టెండన్ అంటారు. అది వాచిందా, చిరిగిందా, అసలే తెగిందా అని చెప్పడం ఆయన విద్య. సబ్బుబిళ్ళంత ప్రోబ్‌ని భుజం మీద ఆనించగానే అందులోంచి చెవికి అందని శబ్దం లోపలికి వెళ్ళి, తగిలి, తిరిగొచ్చి తెర మీద బొమ్మ కడుతుంది. ఆ శబ్దం టెండన్‌కి సూటిగా తగిలితే అది నూనె రాసి దువ్విన జుట్టులా తెల్లగా, గీతలు గీతలుగా మెరుస్తుంది. ప్రోబ్ వెంట్రుకవాసి వాలిందంటే చాలు, అదే టెండన్ నల్లగా మాడిపోతుంది. చిరిగిన చోటు కూడా నల్లగానే కనిపిస్తుంది కాబట్టి, వాలిన చెయ్యి నిక్షేపం లాంటి భుజాన్ని కూర్చున్నచోటే తెగ్గొట్టగలదు. తెగినదాన్ని కుట్టడానికి సర్జన్లున్నారు, తెగనిదాన్ని తెగ్గొట్టడానికి మాత్రం మనమే ఉన్నాం అని మాస్టారు శిష్యులకి మొదటి రోజే చెప్పేసేవారు.

చెప్పి ఊరుకుంటే ఆయన నిటారు మాస్టారు ఎందుకవుతారు? తలుపు పక్కన ఒక గోడ కేటాయించారు. శిష్యులు ప్రోబ్ వాల్చి తీసిన దొంగ నలుపు బొమ్మలన్నీ అచ్చు వేయించి, కింద వాళ్ళ ముద్దుపేరు రాసి, అక్కడ గుండుసూదితో గుచ్చేవారు. అది తప్పుల గోడ. కొత్త తప్పుకి ఎప్పుడూ పై వరసలోనే పీట. కుడి చెయ్యి ఆకాశానికి చాచి, జెండా ఎగరేసినంత ఆర్భాటంగా గుచ్చేవారు. ప్రస్తుతం పై వరస మొత్తం చిన్న డాక్టరమ్మ సొంతం. ఆ అమ్మాయి ఆయన దగ్గర చేరి ఏడాది తిరగలేదు గాని, గోడ మీద మాత్రం చిన్న సైజు జమీందారిణి.

అలాంటి చెయ్యి, అంటే చెయ్యి తిరిగిన డాక్టరు గారి చెయ్యి, ఉన్నట్టుండి తిరగడం మానేసింది.

మొదట చొక్కా తొడుక్కోవడంలో తేడా వచ్చింది. తర్వాత దువ్వెన నెత్తి దాకా వెళ్ళనంది. ఉన్న నాలుగు వెంట్రుకలకి స్వాతంత్య్రం ఇచ్చేశానని భార్యతో అన్నారు. అలమరలో పై అరలో ఉన్న కళ్ళజోడు పెట్టెకి చెయ్యి చాచినప్పుడు భుజంలో ఎవరో కీలు నొక్కినట్టయింది. ఆవిడ అంతా చూస్తూనే ఉంది. ఆవిడ సలహా కూడా సిద్ధంగా ఉంది: మా తమ్ముడికి ఒకసారి చూపించకూడదూ.

అక్కడే చిక్కు. ఆ తమ్ముడు, అంటే మాస్టారి బావమరిది, అదే భవనంలో కింది అంతస్తులో ఫిజియోథెరపిస్టు. రబ్బరు పట్టీలు ఇచ్చి లాగమంటాడు, గోడ పట్టుకోమంటాడు, చేతులు తిప్పమంటాడు. మాస్టారు అతనికి సాగదీత డాక్టరని పేరు పెట్టి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, అతని పిల్లల ముందు కూడా వాయించేవారు. నేను చూస్తాను, మా బావమరిది సాగదీస్తాడు, ఈలోగా రోగి విసుగెత్తి తనే తగ్గించుకుంటాడు అనేది ఆయన పాత పాట. ఇన్నేళ్ళు వాయించిన మద్దెల ముందు తనే వెళ్ళి కూర్చోవాలా?

పోనీ ఎమ్మారై తీయించుకుందామంటే, దాన్నీ వదిలిపెట్టలేదు ఈ మహానుభావుడు. అది మంచిదేనని, లోతుగా చూస్తుందని ఒప్పుకుంటారు. కాని రోగిని సొరంగంలో కదలకుండా పడుకోబెట్టి డప్పులు వాయిస్తూ ఫొటో తీస్తుంది, నాది సినిమా, చెయ్యెత్తుతుంటే ఎక్కడ పట్టేస్తోందో నా తెర మీద ఆడుతుంది అని ఆ గది ముందే నిలబడి ప్రసంగించేవారు. ఇప్పుడా సొరంగంలో దూరితే, బయటికి వచ్చేలోగా వార్త కింది అంతస్తుకి చేరుతుంది. అన్ని తలుపులూ స్వహస్తాలతో మూసుకున్నవాడికి మిగిలేది స్వహస్తమే గదా. మాస్టారు తన భుజాన్ని తనే చూసుకోవాలని నిశ్చయించారు.

భోజనాల వేళ అందరూ కిందికి దిగాక తలుపు గడియ పెట్టారు. చొక్కా ఒక పక్కకి జార్చారు. చూడాల్సింది కుడి భుజం, కాబట్టి ప్రోబ్ ఎడం చేతిలో. ఆ ఎడం చెయ్యి ఎన్నడూ, ప్రోబ్ పెట్టేముందు రాసే జిగురు సీసా మూత తీయడం తప్ప మరో ఉద్యోగం చేసి ఎరగదు. కుడి అరచెయ్యి వెనక జేబు మీద ఉంచుకుంటే టెండన్ ఎముక చాటు నుంచి బయటికి వస్తుంది. రోగులకి రోజూ చెప్పే సంగతే. ఆయన చెయ్యి నడుము దాకా వెళ్ళి, ఇక మీరే రండి అన్నట్టు ఆగిపోయింది. తెర చూడటానికి మెడ ఒక పక్కకి తిప్పాలి, భుజానికి ప్రోబ్ ఆనించడానికి గడ్డం మరో పక్కకి తప్పుకోవాలి. ఈ రెండూ ఒకే తలకాయకి ఉన్నాయన్నది అప్పుడే తెలిసింది. బొమ్మను ఆపే మీట నొక్కడానికి మూడో చెయ్యి కావలసి వచ్చింది. పెన్ను పళ్ళతో పట్టుకుని కొంగలా వంగి పొడిచారు.

బొమ్మ ఆగింది. టెండన్ ఉండాల్సిన చోట నల్లటి గుంట.

మాస్టారు ఆ నలుపు వంక చాలాసేపు చూశారు. ఎన్ని వందల మందికి చెప్పి ఉంటారు ఆ మాట, మెత్తగా, ఒక జోకు కలిపి. ఇప్పుడు చెప్పించుకోవలసినవాడూ తనే, జోకు రావడం లేదు. పూర్తిగా తెగింది. ఆపరేషను, ఆనక నెలల తరబడి చెయ్యి మెడకి వేలాడదీసుకోవడం. ఆ తర్వాత మాత్రం, రోజంతా ప్రోబ్ నొక్కిపట్టి కూర్చునే బలం ఈ వయసులో తిరిగొస్తుందా? కళ్ళు ఎంత చురుగ్గా ఉన్నా చెయ్యి లేని స్కానింగు డాక్టరు, గొంతు పోయిన పాటగాడు ఒకటే. ఆయనకి వచ్చిన పని ఇదొక్కటే, నచ్చిన పనీ ఇదొక్కటే. నిటారు మాస్టారు కుర్చీలో వాలిపోయారు.

ఎవరైనా జాలిపడేలోగా తనే తప్పుకోవాలి. గది చిన్న డాక్టరమ్మకి అప్పగించాలి. అందుకు ఆ పిల్లకి ధైర్యం ఇవ్వాలి. ధైర్యం ఇవ్వడమంటే మెచ్చుకోవడమని ఆయన ఎక్కడో విన్నారు.

మర్నాటి నుంచి సెంటర్లో అలజడి మొదలైంది. రోజూ ఉదయం టోకెన్లు ఇచ్చే ఆవిడని ఏదో ఒక మాటతో ఏడిపిస్తే గాని మెట్లెక్కని మనిషి, నమస్కారం పెట్టి, మీరు బాగున్నారా అని అడిగి వెళ్ళిపోయారు. ఆవిడ టోకెన్లు తారుమారు చేసేసింది. రోగులు జోకు కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి తమ భుజం సంగతి ఏదో దాస్తున్నారని బెంగపడ్డారు. వారంగా నన్నొక్క మాట అనలేదు, ఇది మంచి లక్షణం కాదు అని టోకెన్లావిడ అందరికీ చెప్పింది. తిట్లు లేని మాస్టారంటే ఉప్పు లేని పప్పు కాదు, అసలు పప్పు లేని పప్పు.

అందరికన్నా ఎక్కువ భయపడింది చిన్న డాక్టరమ్మ. ఏం చేసినా చాలా బాగా పట్టావమ్మా అంటున్నారు. అమ్మా అనడం కూడా కొత్తే. అంతకుముందు ఏయ్ పిల్లా, వాలుబొమ్మా అనేవారు. అనుమానం తీర్చుకోవడానికి ఒకనాడు కావాలనే ప్రోబ్ ఒరిగించి, ఒక కుట్టుపని ఆవిడ భుజాన్ని నల్లగా చూపించి, ఆయన వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ బాగుంది అన్నారు. ఆ పిల్ల ప్రోబ్ సరిచేసి, చూడవలసింది చూసి, రోగిని పంపేసి, ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది. తిట్టడం కూడా దండగ అనుకునేంత పనికిమాలినదాన్నయ్యాననుకుంది.

సాయంత్రం రోగులంతా వెళ్ళాక నేరుగా వచ్చి నిలబడింది.

“నన్ను పంపించేస్తున్నారా సార్?”

అలాంటిదేం లేదన్నారు మాస్టారు. ఆవిడ కదల్లేదు. పంపేస్తే పంపేయండి గాని మెచ్చుకుని పంపకండి, గోడ మీద ఎక్కించి పంపండి అంది. అసలు సంగతి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. దానికి బదులు మిషన్లో దాచిన బొమ్మ బయటికి తీశారు. పేరు ఉండవలసిన చోట ఖాళీ. తెలిసిన పెద్దాయన భుజం, చూసి ఏంటో చెప్పమన్నారు. పిల్ల చెప్పేస్తుంది, పూర్తిగా తెగిందని. అప్పుడు, ఇది నాదే, ఈ గది ఇక నీదే అనెయ్యొచ్చు. మాట కూడా సిద్ధం చేసుకున్నారు.

చిన్న డాక్టరమ్మ ముందుకి వంగి చూసింది. ఆవిడ ముఖంలో వారం తర్వాత మొదటిసారి రంగు వచ్చింది.

“ఎవరు తీశారు సార్ దీన్ని?”

“ఎవరు తీస్తే ఏం? ఏముందో చెప్పు.”

“ఏముంది, ప్రోబ్ పడుకుంది. కింద ఎముక గీత కూడా సరిగ్గా రాలేదు చూడండి.”

“తీసినవాడు ఎంత అనుభవం ఉన్నవాడో తెలుసా నీకు?”

“అనుభవం ఉన్నవాడైతే ఇలా తీయడు సార్. ఇది నాకన్నా కొత్తవాళ్ళెవరో. పాపం, పై వరసలో పెట్టాల్సిన సరుకు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మాస్టారి ఎడం చెయ్యి ఆయన అనుమతి లేకుండానే లేచి కుడి భుజం మీదికి వెళ్ళి కూర్చుంది. చిన్న డాక్టరమ్మ ఆ చెయ్యి వంక చూసింది. ఆ భుజం వంక చూసింది. దువ్వని జుట్టు, పక్కకి పోయిన చొక్కా గుండీలు చూసింది. వారం రోజుల మెచ్చుకోళ్ళన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి గావును, పెదవి బిగించి, రోగులు కూర్చునే బల్ల చూపించింది.

“కూర్చోండి సార్.”

ఆ గదిలో అన్నేళ్ళున్నా ఆయన ఎన్నడూ ఆ బల్ల మీద కూర్చోలేదు. అది ఇంత గట్టిగా ఉంటుందని తెలియదు. జిగురు ఇంత చల్లగా ఉంటుందనీ తెలియదు. కూర్చున్న క్షణం నుంచి సలహాలు మొదలుపెట్టారు: ఎక్కువ నొక్కకు, వెలుతురు తగ్గించు, అక్కడ కాదు, కాస్త ముందుకి. మాట్లాడితే భుజం కదులుతుంది సార్ అందావిడ. అది ఆయన మాటే. రోగులకి చెప్పడానికి ఆయన కనిపెట్టిన అబద్ధం. దానికి తనే లొంగి ఊరుకున్నారు.

చెయ్యి వెనక జేబు దాకా రాకపోతే వచ్చినంతవరకే చాలంది. దానికి తగ్గట్టు తనే పక్కకి జరిగింది. ముందు ప్రోబ్‌ని కావాలనే ఒరిగించి ఉంచింది. తెర మీద అదే నల్లటి గుంట, ఆయన వారం పాటు మోసిన గుంట. మాస్టారు కళ్ళు మూసుకోబోయారు.

“చూడండి సార్” అని ఆవిడ మణికట్టు ఒక్క పిసరు నిలబెట్టింది.

నలుపు వెనక్కి వెళ్ళింది. దాని వెనక నుంచి తెల్లటి గీతలు ఒకటి పక్కన ఒకటి లేచి, ఎముక దాకా తెగకుండా సాగాయి. నూనె రాసి దువ్వినట్టే. మాస్టారి నెత్తి మీద లేని దువ్వెన భుజం లోపల ఉంది.

ఆవిడ ఇంకా అటూ ఇటూ వెతికింది. టెండన్ లావెక్కింది, ఒక అంచున కాస్త పీచు లేచింది, అంతే. దాని మీద ఉండే నీటి తిత్తి మాత్రం బాగా ఉబ్బింది. చెయ్యి పక్కకి మెల్లగా ఎత్తమంది. ఎత్తుతుంటే ఆ తిత్తి వచ్చి పై ఎముక కింద ఇరుక్కుని, ముడుచుకుని ఆగింది. ఆయనకి నొప్పి సరిగ్గా అక్కడే పట్టింది. తెర మీద ఆయన సినిమా ఆయనకే ఆడింది.

“తెగలేదు” అన్నారు మాస్టారు.

“ఎక్కడా తెగలేదు సార్. మీరే తెగ బాధపడ్డారు.”

వాలుబొమ్మకి కూడా మాటలు వచ్చేశాయని ఆయన గొణిగారు. గొణుగుడు విని ఆ పిల్ల ప్రాణం కుదుటపడింది. పంపించెయ్యడం లేదన్నమాట.

జబ్బు తెలిసింది, మరి కారణం? అది మర్నాడు దొరికింది. మాస్టారు ఒక రోగి భుజం మీద ప్రోబ్ పెడుతుంటే చిన్న డాక్టరమ్మ వెనక నిలబడి చూసింది. ఆయన రోగికి దగ్గరగా జరగడం లేదు. దూరంగా కూర్చుని, మోచెయ్యి గాల్లో లేపి, చెయ్యంతా చాచి అందుకుంటున్నారు. ఇన్నేళ్ళుగా, రోజంతా. దగ్గరగా జరగొచ్చు గదా సార్ అని అడిగింది. జరగలేను, మధ్యలో పెద్దమనిషి ఒకాయన ఉన్నాడని బొజ్జ నిమురుకున్నారు. పొట్ట చేత పట్టుకుని పనిలోకొచ్చినవాళ్ళని చూశాం గాని, పొట్ట అడ్డమొచ్చి చెయ్యి పోగొట్టుకోబోయినవాడు ఆయనొక్కరే. ఆవిడ కుర్చీ ఎత్తు పెంచి, రోగి బల్ల దించి, మోచేతి కింద దుప్పటి మడిచి పెట్టింది. చెయ్యి కిందికి దిగింది. ఇక పెద్దమనిషి సంగతి చూడాలి.

చూసేవాడు కింది అంతస్తులో ఉన్నాడు. మాస్టారు మెట్లు దిగిన తీరు చూసి, శవయాత్ర కూడా ఇంకాస్త చురుగ్గా నడుస్తుందనుకుంది టోకెన్లావిడ. సాగదీత డాక్టరు లేచి నిలబడ్డాడు. అన్నేళ్ళ పెళ్ళిళ్ళ బాకీ తీర్చుకునే అవకాశం చేతికి, కాదు, భుజానికే వచ్చింది. అయినా అతను మంచివాడు. రబ్బరు పట్టీ చేతికిచ్చి ఒక్కటే మాట అన్నాడు.

“భయపడకు బావా. తెగేదాకా లాగను.”

అక్కడితో కథ సుఖాంతమే గాని, మాస్టారికి ఒకటి మింగుడుపడలేదు. తప్పుల గోడ ఖాళీగా ఉంది. ఖాళీ అంటే, ఆయన బొమ్మ లేదు. ఇవాళ పెడుతుంది, రేపు పెడుతుంది అని ఓరకంట చూస్తున్నారు. ఆవిడ పెట్టడం లేదు. చివరికి ఉండబట్టలేక, నా బొమ్మేదని అడిగేశారు. మీకు నొప్పిగా ఉంది కదా సార్ అని ఊరుకున్నానంది. ఆపరేషను చేయించుకున్నా అంత నొప్పి కలిగేది కాదు ఆయనకి. జాలి! అదీ తన గోడ దగ్గర.

అచ్చు వేసిన కాగితం తనే తెచ్చుకుని, కింద నిటారు అని రాసి, పై వరసకి చెయ్యెత్తారు. చెయ్యి ఛాతీ దాటి రానంది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ అంతే. చిన్న డాక్టరమ్మ సాయం రాబోతే వద్దన్నారు. చెయ్యి ఆగినచోటే గుండుసూది గుచ్చారు. అది సరిగ్గా బల్ల మీద కూర్చున్న రోగి కళ్ళకి ఎదురుగా పడింది. ఆనాటి నుంచి వచ్చిన ప్రతి రోగీ, ఈ నిటారు ఎవరండీ, తెగ వాల్చేశాడే అని అడగడం, మాస్టారు దగ్గడం.

బావమరిది పైకి వచ్చి చూసి, దాన్ని తీయొద్దన్నాడు. తన దగ్గరికి వచ్చేవాళ్ళ చేత వేళ్ళతో గోడ మీద సాలీడులా పాకించడం అతని పాత వైద్యం. బావకి వేరే గోడెందుకు? రోజూ రబ్బరు లాగడం అయ్యాక, వేళ్ళు గోడ మీద ఎంతవరకు పాకితే బొమ్మ అక్కడికి జరపాలని తీర్పు చెప్పాడు. మాస్టారి తప్పు గోడెక్కడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళు వరస మారేది, కొన్నాళ్ళు ఉన్నచోటే ఉండేది. ఒకసారి అత్యాశకి పోయి జరిపితే కిందికి దిగింది కూడా. టోకెన్లావిడ ఉదయాన్నే, ఫొటో ఎంతదాకా ఎక్కింది సార్ అని అడిగేది. నీ టోకెన్లకన్నా త్వరగానే కదులుతోందని ఆయన అనేవారు. ఆవిడకి ఆ రోజంతా బాగుండేది. ఇంట్లో భార్య ఆయన కంచంలో ఒక గరిటె అన్నం తగ్గించింది. పెద్దమనిషి కాస్త వెనక్కి జరిగి, చెయ్యి రోగికి దగ్గరైంది.

పై వరసకి చేరవలసిన రోజున బావమరిది, చిన్న డాక్టరమ్మ, టోకెన్లావిడ తలుపు దగ్గర నిలబడ్డారు. మాస్టారు గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళు పాకించారు. భుజం దగ్గర కాస్త ఆగాయి. మళ్ళీ కదిలాయి. వాలుబొమ్మ బొమ్మలన్నిటినీ దాటి, వాటికి బెత్తెడు పైన ఖాళీ గోడ మీద, కుడి చేత్తోనే గుండుసూది గుచ్చారు. తప్పుల్లో కూడా నాదే పైచెయ్యని, దీని పైన ఇంకెవరిదీ పెట్టకూడదని ప్రకటించారు. అంత పెద్ద తప్పు చెయ్యాలంటే తనకింకా అనుభవం చాలదని చిన్న డాక్టరమ్మ ఒప్పుకుంది.

సూది దిగింది. బొమ్మ నిలిచింది. చెయ్యి మాత్రం ఇంకా పైనే ఉంది.

“ఇక దించు బావా” అన్నాడు బావమరిది. “అందరం చూశాం.”